ముందే తెల్లారిన ఊరు

కాలవగట్టు మీద మా ఊళ్లో బుల్లబ్బాయని ఒక పుంజున్నాడు. వాడు కూస్తే పక్కూళ్లో బస్సు స్టార్టయ్యేది. నమ్మకపోతే ఆ డ్రైవర్నే అడగండి. పెంటకుప్ప దాటి అడుగేసింది లేదు గానీ, కాకినాడ రేవులో ఓడెక్కొచ్చానని పెట్టలకి రోజూ కోతలే.

వరికోతలయ్యాక ఓ రోజు బాతుల మంద దిగింది. చేలో రాలిన గింజలు మేపుకుంటూ ఊరూరా తోలుకెళ్లే మంద. పెంటకుప్ప పక్కనే కాపరి మంద చుట్టూ వల కట్టాడు. అందులోంచి మంగతాయి అనే బాతు, సూరమ్మ అనే పెట్టని పిలిచింది.

"వదినా, మాకు పొదిగే తీరికేదీ? తెల్లారగట్ల గుడ్డు పెట్టడం, వెలుగొస్తే నడవడం. గుడ్లన్నీ కాపరి బుట్టలోకే. రేపొక్క గుడ్డు వల కిందనించి నీ గడ్డిలోకి దొర్లిస్తా. పొదుగుతావా? నా పిల్లల్లో ఒక్కటన్నా ఇది మా ఊరు అని చెప్పుకోవాలి."

"దానికేం వదినా, నా పిల్లల్లో కలిసిపోద్ది. కాలవలోకి దూకితే మాత్రం నేను గట్టు మీదే ఉంటా."

"నేనుండగా దానికి భయమేంటి?" అన్నాడు బుల్లబ్బాయి, రెక్క విదిలించి. అక్కడిదాకా బానే ఉంది.

సాయంత్రం పెట్టలన్నీ వల చుట్టూ చేరాయి. "అక్కా, సముద్రం చూశావా?" అని మంగతాయిని అడిగాయి.

"చూశా. నోట్లో పెట్టుకోలేం, అంత ఉప్పు."

"మరి ఈయన ఓడ మీంచి వంగి కడుపారా తాగానన్నాడే."

అందరూ ఒకటే నవ్వు. సూరమ్మ కూడా నవ్వింది. అది తగిలింది బుల్లబ్బాయికి. ఈ బాతున్నంతసేపు నా మాట చెల్లదనుకున్నాడు.

మర్నాడు చుక్కలింకా పోకముందే గడ్డివామెక్కి కూసేశాడు.

కాపరి ఫోను ఛార్జింగ్ లేక చచ్చిపడుంది. కూత నమ్మి లేచాడు. వల్లో గుడ్లు లేవు. "దరిద్రాలు, ఇవాళ పెట్టనేలేదు" అని తిట్టుకుంటూ, లారీలు తగలకముందే రోడ్డు దాటించాలని మందని తోలేశాడు.

మంగతాయి నడవలేక నడుస్తూ వాము దగ్గర ఆగింది. "గుడ్డింకా దిగలేదు బావా. ఎన్నూళ్లు తిరిగానో, ఇంత తొందరగా తెల్లారే ఊరు చూళ్లేదు. నేను మాట తప్పలేదని వదినతో చెప్పు."

ఒక్క నింద లేదు. నమ్మేసింది పిచ్చిది. ఇంకా తెల్లారలేదు, ఆగమని చెప్తే సరిపోయేది. వాడు నోరు తెరిచాడు, పరువు అడ్డమొచ్చింది, మూసేశాడు.

అసలు పొద్దు పొడిచాక కాకొచ్చి వాలింది. "వంతెన దగ్గర తారు మీద బాతుగుడ్డు పగిలిపోయుంది. ఎవరిదో గానీ భలే రుచి."

సూరమ్మ ఒంటితో వెచ్చజేసిన గడ్డి మీంచి లేచింది. "ఏమయ్యా, ఇవాళ అంత ముందే కూశావేం?"

ఓడెక్కొచ్చినోడు వాము వెనక్కి నక్కాడు.

ఇప్పుడు వాడు పాలవాళ్లు వెళ్లిపోయాక, చుట్టూ చూసుకుని, చిన్నగా కూస్తాడు. పక్కూరి బస్సు రోజూ లేటే. సూరమ్మ ఇంకా ఆ గడ్డిలో ఒక గుడ్డంత చోటు వదిలే పడుకుంటది.

నవ్వారని ఒకర్ని ముందే సాగనంపితే, వాళ్లు మన దగ్గర వదలాలనుకున్నది దారిలో పగుల్తది.