తువ్వాలు కింద బేరం

గుమ్మడిదుర్గం రాజు వీరభూపతికి ఏ పూట ఏ ముచ్చట పుడుతుందో ఆయనకే తెలీదు. ఆ రోజు పుట్టిన ముచ్చట మాత్రం ఓబన్న పీకల మీదికి వచ్చింది.

ఓబన్న ఆస్థానంలో వర్తకుల తగాదాలు వాదించే వకీలు. సరుకులో కల్తీ, వాటాల్లో పేచీ, ఏదైనా సరే నోరు విప్పాడంటే అవతలివాడు నోరు మూసుకోవాల్సిందే. అంతటివాడు శుక్రవారం వస్తే చాలు, సంతలో చిన్న పాక కింద పీట వేసుకుని, బీదాబిక్కీ తరఫున ఉచితంగా వాదించేవాడు. ఊరికే పుచ్చుకోవడం వాళ్ళకి మాత్రం మనసొప్పుతుందా? వంకాయో, సొరకాయో ఆయన ఒళ్ళో పడేసి పోయేవాళ్ళు. ఇంటావిడ కూరలు కొని ఎన్నాళ్ళయిందో!

ఇది నరహరిశాస్త్రికి కంటగింపు. ఆయనా వకీలే. బిరుదులు చదవడానికే భటుడికి ఊపిరి చాలేది కాదు.

"మహాప్రభో! ఆస్థాన వకీలు సంతలో సొరకాయలకు వాదించడమా? మనకెంత తలవంపులు!" అన్నాడు శాస్త్రి. "అయినా ఓబన్న దగ్గర ఉన్నది ఒక్క నాలుకే. అది కట్టేస్తే ఇంకేముంది?"

రాజు కళ్ళు మెరిశాయి. అయిపోయింది, ముచ్చట పుట్టేసింది!

"ఏమయ్యా ఓబన్నా! రేపటి వ్యాజ్యం నోరు విప్పకుండా వాదించి గెలువు. ఒక్క మాట జారినా, ఓడినా, సంతలో ఆ పాక పీకించేస్తాను."

ఓబన్న నోరు తెరవబోయి, శాస్త్రి నవ్వు చూసి, దండం పెట్టి ఊరుకున్నాడు.

మర్నాటి వ్యాజ్యం గానుగ తిమ్మక్కది. ఆమెకున్నది ఒక గానుగ, దాన్ని తిప్పే ఒక ఎద్దు. ఊళ్ళో మంచి నూనె కావాలంటే అందరూ ఆమె గుమ్మం తొక్కేవాళ్ళు. అది చూసి నూనె వర్తకుడు కోనప్పకు నిద్ర పట్టలేదు. ఎద్దు లేకపోతే గానుగ తిరగదు కదా! పశువుల సంతలో బేరం కుదిరిందని చెప్పి, ఎద్దును తోలుకుపోయాడు. కోనప్ప తరఫు వకీలు ఎవరనుకున్నారు? ఇంకెవరు, శాస్త్రిగారే!

పశువుల సంతలో బేరం నోటితో చెయ్యరు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, ధర వేళ్ళతో నొక్కి చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు.

"మా ఎద్దు ఏపాటి పలుకుతుందో చూద్దామని చెయ్యిచ్చాను సామీ," అంది తిమ్మక్క కళ్ళొత్తుకుంటూ. "వద్దని వెంటనే వెనక్కి లాక్కున్నాను. అది పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు."

శాస్త్రి తన సాక్షిని ముందుకు తోశాడు. వాడి పేరు మల్లోజీ. ఏ సాక్షికైనా శాస్త్రి నేర్పే పాఠం ఒకటే: చివర్లో 'కళ్ళారా చూశాను' అనాలి.

"తిమ్మక్క ఒప్పుకుంది ప్రభూ! కళ్ళారా చూశాను!"

"తువ్వాలు కింద జరిగింది నీకెలా కనపడిందిరా?" అన్నాడు రాజు.

మల్లోజీ తడబడితే శాస్త్రి అందుకున్నాడు. "ఇతడు కాకలు తీరిన దళారి ప్రభూ! గుడ్డ కదలిక చూసి ఏ వేలు నొక్కారో చెప్పేస్తాడు."

"అవును ప్రభూ, చెప్పేస్తాను!" అన్నాడు మల్లోజీ. పాపం, వాడికి అప్పుడు ఊపిరొచ్చింది.

సభంతా ఓబన్న వైపు తిరిగింది. ఓబన్న నోరు విప్పలేదు. భుజం మీద తువ్వాలు తీసి, తిన్నగా సింహాసనం దగ్గరికి నడిచి, రాజుగారి ముందు చెయ్యి చాపాడు.

"నాతోనే బేరమా!" అన్నాడు రాజు. సరదాగా చెయ్యిచ్చాడు కూడా. ఓబన్న తువ్వాలు కప్పి, కింద ఏదో చేశాడు.

రాజుగారి కనుబొమలు పైకి లేచాయి. మీసం అదిరింది. ఆయన గట్టిగా పెదవి బిగించి, గంభీరంగా అడిగాడు.

"మల్లోజీ! ఇప్పుడు చెప్పు. బేరం ఎంతదాకా వచ్చింది?"

ఓబన్న తువ్వాలు కింద చెయ్యి రెండుసార్లు కదిపాడు. మల్లోజీ శాస్త్రి వైపు చూశాడు. శాస్త్రి కానిమ్మన్నట్టు తలాడించాడు.

"మూడు వేళ్ళు నొక్కారు ప్రభూ! ఏలినవారు ఒప్పుకున్నారు కూడా!"

"నేను ఒప్పుకున్నానా?"

"ఒప్పుకున్నారు ప్రభూ! కళ్ళారా చూశాను!"

రాజు తువ్వాలు లాగేశాడు. ఆయన చేతిలో, ఓబన్న తువ్వాలు మడతలో దాచి తెచ్చిన నిగనిగలాడే వంకాయ. దాని తొడిమ ఓబన్న చేతిలో!

"ఓరి నీ అసాధ్యం కూలా! దీనికి వేళ్ళెక్కడున్నాయిరా?"

సభ ఘొల్లుమంది. మల్లోజీ సాష్టాంగపడి, తాను దళారీనే కానని, కోనప్ప పిలిస్తే వచ్చానని ఒప్పేసుకున్నాడు. రాజు తీర్పు చెప్పాడు. కోనప్ప స్వయంగా ఎద్దును తోలుకెళ్ళి తిమ్మక్క గానుగకు కట్టాలి, పోయిన రోజులకు బదులు తన ఖర్చుతో అంత నూనె ఆడించి ఇవ్వాలి. తిమ్మక్క ఏడుస్తూనే నవ్వింది.

"ఓబన్నా, నీ పాకకు పెంకులు వేయిస్తాను," అన్నాడు రాజు. "ఇకమీదట శుక్రవారం శుక్రవారం శాస్త్రి కూడా నీ పక్కన కూర్చుని బీదల తరఫున వాదిస్తాడు. ఇక నోరు విప్పవయ్యా!"

శాస్త్రి మొహం మాడిపోయింది. "మహాప్రభో! మరి అక్కడ నాకు ప్రతిఫలం?"

ఓబన్న రాజుగారి చేతిలోని వంకాయ వినయంగా అందుకుని, శాస్త్రి దోసిట్లో పెట్టాడు. ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"మొదటి వారానిది ముందే ఇచ్చేస్తున్నాను శాస్త్రిగారూ. కళ్ళారా చూసుకోండి!"

రాజు సింహాసనం మీద పడీపడీ నవ్వాడు.