కొర్రమట్టకు రబ్బరు కప్ప

బాలదాసు స్వామికి తంబుర మీద ఎంత మనసో, గాలం మీదా అంతే మనసు. తత్వాలు చెప్పే మనిషి చేపలు పట్టడమేమిటని ఎవరైనా మూతి ముడిస్తే, "మీరు పులుసు పెట్టినప్పుడు వద్దన్ననా?" అని నవ్వేవాడు. శిష్యులు ఏదైనా అడిగితే మాత్రం తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయిస్తాడు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

ఆయన శిష్యుల్లో ఓదెలు పాతవాడు. బజారులో కరెంటు మోటార్లకు తీగ చుట్టే పని చేసుకుంటూ, పొద్దుగూకగానే కొట్టు మూసి స్వామి ఇంటికి చేరేవాడు. స్వామి పాడే తత్వాలన్నీ అతనికి కంఠతా వచ్చు. భజన మధ్యలో ఆయన ఎక్కడైనా తడబడితే చరణం అందించేది ఓదెలే. స్వామి తర్వాత ఆ తంబుర తనదేనని ఊరంతా అనుకుంటోందని అతని నమ్మకం. ఊరు నిజంగా అలా అనుకుందో లేదో మనకు తెలియదు గానీ, అతను మాత్రం గట్టిగానే అనుకున్నాడు. అలాంటిది, నిరుడు దసరాకు వచ్చి చేరిన సమ్మయ్యకు, గొర్రెలు కాసుకునే వాడికి, నాలుగు పాటలైనా సరిగ్గా రాని వాడికి, స్వామి ఉగాదినాడు చెవిలో ఉపదేశం చెప్పాడు.

ఓదెలుకు కడుపు మండిపోయింది. అన్నం సయించలేదు. సమ్మయ్య ఎదురుపడి దండం పెడితే మొహం తిప్పుకున్నాడు. వాడు నవ్వితే పొగరనిపించింది, నవ్వకపోతే నటన అనిపించింది. ఇక ఉండబట్టలేక ఒకనాడు పొద్దున్నే వెళ్లి అడిగేశాడు.

"నేనేం తక్కువ చేసిన స్వామీ? నిన్నగాక మొన్న వచ్చినోనికి ఉపదేశం ఇస్తిరి, నన్నేమో బయట కూసోబెడితిరి. నాకు ఇస్తరా, లేకుంటే ఇంకో గురువును చూసుకోవాల్నా?"

స్వామి మీసం దువ్వుకుని, "గాలం పట్టుకరా, కుంటకు పోదాం" అన్నాడు.

ఎండలు ముదిరి కుంట సగానికి సగం ఇంకిపోయింది. మిగిలిన నీళ్లలో ఒక పక్కన గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. దాని నీడన పెద్ద కొర్రమట్ట చేప ఒకటి ఉంటోందని, ముందు దాన్ని పడితే మిగతా మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చని స్వామి చెప్పాడు. ఇది తనకు పెట్టిన పరీక్ష అనుకున్నాడు ఓదెలు. వెనకాల స్వామికి గొడుగు పట్టుకుని సమ్మయ్య నడిచి వచ్చాడు. ఇన్నాళ్లూ ఆ గొడుగు పట్టింది ఓదెలు. అది ఇప్పుడు వాడి చేతిలో చూసేసరికి ఎండ ఇంకాస్త ఎక్కువైనట్టు అనిపించింది.

ఎరల సంచిలో వానపాములు, బతికున్న రొయ్యలు, కోడి కార్జం, అడుగున రంగు వెలిసిన రబ్బరు కప్ప ఒకటి ఉన్నాయి. ఓదెలు అన్నిటికన్నా బలిసిన రొయ్యను ఏరి గాలానికి గుచ్చాడు.

"అన్నా, చేప నీడకున్నది. ఆడనే ఎయ్యి" అన్నాడు సమ్మయ్య మెల్లగా.

సరిగ్గా అక్కడే వెయ్యబోతున్న ఓదెలు, ఆ మాట వినగానే గాలాన్ని ఎండలోకి విసిరాడు. స్వామి నవ్వు ఆపుకుని, నీడకే వెయ్యమన్నాడు. గురువు మాట కాబట్టి వేశాడు. బెండు కదల్లేదు. రొయ్య తీసి వానపాము పెట్టాడు, వానపాము తీసి కార్జం పెట్టాడు. కొర్రమట్ట ఒకసారి పైకొచ్చి, గాలి మింగి, ఎరను కన్నెత్తి చూడకుండా కిందికి పోయింది.

"ఇగ ఆ కప్పను కట్టు" అన్నాడు స్వామి.

"దానికి వాసన లేదు, రుచి లేదు. రొయ్యనే ముట్టనిది రబ్బరును ముడుతదా స్వామీ?"

"తినాలని ఎవలన్నరు? దాని ముంగట తిప్పు."

ఓదెలు విసుక్కుంటూనే కప్పను ఆకుల మీదుగా లాగాడు. కింద నీళ్లు కదిలాయి. మళ్లీ లాగాడు. ఒక అల కప్ప వెనకే వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి లాగేసరికి ఆకులు ఎగిరిపడ్డాయి, దారం బిగుసుకుంది. మూరెడు చేప గట్టున పడి కొట్టుకుంటుంటే ఓదెలు మొదట చూసింది చేపను కాదు, సమ్మయ్య మొహాన్ని. వాడు కుళ్లుకుంటే చూడాలని అతని ఆశ. సమ్మయ్య గొడుగు పక్కన పడేసి, చేప జారిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకునే పనిలో ఉన్నాడు.

ఓదెలు గాలం తీయడానికి చేప నోరు తెరిచి, అట్లాగే ఆగిపోయాడు. దాని గొంతులో అప్పటికే ఒక చిన్న చేప ఇరుక్కుని ఉంది. సగం లోపలికి పోయింది. తోక ఇంకా బయటే ఉంది.

"గొంతుల ఇంత పెట్టుకొని, ఈ రబ్బరుకెందుకు ఎగబడ్డది స్వామీ?"

"తన నీడల ఇంకొకటి తిరుగుతుంటే సూడలేకపోయింది."

ఓదెలు చెవులు వేడెక్కాయి. సమ్మయ్య వైపు తల ఎత్తలేకపోయాడు. సిగ్గనిపించింది. అయినా ఆశ చావలేదు. ఇంత దూరం వచ్చి అడగకుండా పోవడానికి ప్రాణం ఒప్పలేదు.

"మరి నాకు ఉపదేశం ఎప్పుడు స్వామీ?" అన్నాడు గొంతు తగ్గించి.

స్వామి చేప పెదవికి పట్టిన గాలాన్ని నెమ్మదిగా విడదీస్తూ అన్నాడు.

"నీ గొంతులున్నది కడుపులకు దిగినంక, బిడ్డా."