రేవుపట్నం గోతులు

అనగనగా, ఏరు విడిచిపెట్టి పోయిన ఒక పట్నం. పేరు రేవుపట్నం. పేరులో రేవు మిగిలింది గానీ, ఒక్క వానాకాలంలో ఏరు దారి మార్చుకుని రెండు క్రోసుల అవతలికి పోయింది. పడవలు ఇసుకలో ఒరిగిపోయాయి. పడవలు నడిపేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, మోకులు పేనేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఒక నెలా, రెండు నెలలా? మూడేళ్ళు. ఆడవాళ్ళు మాత్రం కడవలు ఎత్తుకుని, రోజూ అంత దూరమూ నడిచి నీళ్ళు తెచ్చుకునేవారు.

ఆ ఊళ్ళో సింగన్న అనే అతను పడవల మోకులు పేనేవాడు. పని పోయిందని భార్య పేరమ్మకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. కొండ అవతల రాతిగని దగ్గర మోకుల పని దొరికిందని అబద్ధం ఆడాడు. పొద్దున్నే సద్దిమూట పట్టుకుని బయలుదేరేవాడు. ఇసుకలో ఒరిగిన పడవ నీడన కూర్చునేవాడు. సంతలో ఎవరికైనా చిన్నాచితకా సాయం చేసి, వాళ్ళిచ్చిన గింజలు కూలి అని ఇంటికి తెచ్చేవాడు.

ఆ పట్నాన్ని ఏలే జయసేన మహారాజు చెడ్డవాడు కాడు. ప్రజలకు పని లేదని విని బాధపడ్డాడు. మంత్రి మతిశేఖరుణ్ణి పిలిచి, ఏదో ఒకటి చేయమన్నాడు.

"పని లేనివాళ్ళ సంఖ్య తగ్గాలి. అంతే కదా ప్రభూ?" అన్నాడు మంత్రి.

"అంతే" అన్నాడు రాజు. వినండి, అక్కడే కొంప మునిగింది.

మొదట మంత్రి ఇంటింటికీ దండోరా పంపాడు. భటులు గుమ్మం ముందు నిలబడి, ఈ ఇంట్లో పని లేని మగవాడు ఎవడో బయటికొచ్చి పేరు చెప్పుకోవాలని కేకలు పెట్టారు. ఇరుగుపొరుగు అంతా చూస్తుంటే ఎవరు వస్తారు? సింగన్న గుమ్మం దగ్గర పేరమ్మ తలెత్తి, మా ఆయనకు పని ఉంది నాయనా అని చెప్పి పంపేసింది. సాయంత్రం ఆ మాట విన్న సింగన్న తినకుండానే పడుకున్నాడు. మంత్రి మాత్రం పని లేనివాళ్ళు సగానికి సగం తగ్గారని రాజుకు చెప్పాడు.

తరువాత కోట వాకిట బియ్యం పంచారు. తీసుకునేవాడు అందరి ముందూ నిలబడాలి. భటుడు వాడి పేరూ, వాడి తండ్రి పేరూ గట్టిగా పిలవాలి. సింగన్న తలమీద కండువా కప్పుకుని వెళ్ళాడు. పెద్ద పడవలకు మోకులు పేనిన తన తండ్రి పేరు ఆ వాకిట్లో మోగగానే, సోలెడు బియ్యమూ అక్కడే వదిలేసి వచ్చేశాడు. వారం తిరిగేసరికి వాకిలి ఖాళీ అయింది. బియ్యం కూడా అక్కర్లేనంత సుఖంగా ఉన్నారని మంత్రి చెప్పాడు. రాజు నమ్మాడు.

చివరికి గోతుల పని పెట్టారు. పది రోజులు గొయ్యి తవ్వాలి. పది రోజులు అదే గొయ్యి పూడ్చాలి. ఇరవయ్యో రోజున ఇతనికి పని ఇచ్చాం అని పేరు కొట్టేస్తారు. పని దొరికిందని సంబరపడిపోయాడు పిచ్చి సింగన్న. పూడ్చే రోజుల్లో మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

పట్నంలో పని లేనివాడు ఒక్కడూ లేడని మంత్రి చాటించాడు. ఇకమీదట ఎవడైనా ఉంటే వాడు సోమరిపోతు, వాణ్ణి పొలిమేర దాటిస్తామని కూడా చాటించాడు. ఆ ఆనందంలో రాజు ఊరందరికీ విందు పెట్టాడు.

ఆ పట్నంలో ఒక ఆచారం ఉంది. విందులో ఆలుమగలు పక్కపక్కన కూర్చుంటారు. రాజే మొదటి ముద్ద వడ్డిస్తూ, ఈ ఏడు నీ చేతులు ఏం చేశాయని ఒక్కొక్కరినీ అడుగుతాడు. జవాబు చెప్పాకే తినాలి. ఒకడు పడవ నడిపానన్నాడు. ఒకడు రేవులో మూటలు మోశానన్నాడు. చుక్క నీరు లేని రేవులో! రాజు వింటూనే ఉన్నాడు, వడ్డిస్తూనే ఉన్నాడు. చెబుతుంటే నాకే తల వంగిపోతోంది.

సింగన్న వంతు వచ్చింది. అబద్ధం చెబితే కడుపునిండా తిని ఇంటికి పోవచ్చు. నిజం చెబితే ఊరూ ఇల్లూ పోతాయి. పక్కన పేరమ్మ కూర్చుని ఉంది.

"ఏమీ చేయలేదు ప్రభూ" అన్నాడు సింగన్న. "మూడేళ్ళుగా నాకు పని లేదు. గొయ్యి తవ్వాను, పూడ్చాను. తొమ్మిదో రోజున అడుగున ఊట పడింది. తియ్యటి నీళ్ళు. రెండు రోజుల తరువాత, మీ ఆజ్ఞ ప్రకారం, దాని మీద మట్టి పోశాను. మా ఆడవాళ్ళు కడవలతో ఆ పక్కనుంచే నడిచి పోతున్నారు. వాళ్ళను చూస్తూనే పోశాను. పని లేదని చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ మట్టి పోసినందుకు సిగ్గుపడుతున్నాను."

పేరమ్మ అతని అరచేతుల వంక చూసింది.

"మోకులు పేనే చేతులు మెత్తబడితే నాకు తెలియదా? నువ్వే చెబుతావని చూస్తున్నాను" అని మెల్లగా అంది. పొలిమేర దాటడానికి అతనితో పాటు తానూ లేచి నిలబడింది.

పడవ నడిపానన్నవాడు లేచాడు. మూటలు మోశానన్నవాడు లేచాడు. పంక్తులకు పంక్తులే విస్తళ్ళ ముందు నుంచి లేచాయి. రాజు చేతిలోని అన్నం చేతిలోనే ఉండిపోయింది.

మంత్రి కోపంగా ఏదో అనబోతే రాజు ఆపాడు. తప్పు నీది కాదు, నేను తగ్గించమన్నది సంఖ్యనే, నువ్వు సంఖ్యనే తగ్గించావు అన్నాడు.

అప్పుడు పేరమ్మ చేతులు జోడించి అడిగింది. "మరి ఈ ఏడు మీ చేతులు ఏం చేశాయి ప్రభూ?"

రాజు తల వంచాడు.

"ఊట మీద మట్టి పోయించాయి తల్లీ" అన్నాడు.

మర్నాడే గోతులు మళ్ళీ తవ్వారు. ఈసారి పూడ్చలేదు. పడవల చెక్కతో గిలకలు చేశారు. బావికో మోకు కావాలి కదా, సింగన్న చేతులకు తీరిక లేకుండా పోయింది. ఆ నీళ్ళతో తోటలు లేచాయి, మిగిలినవాళ్ళకు తోటల్లో పని దొరికింది. కడవలు మోసిన ఆడవాళ్ళ మెడలు తేలికపడ్డాయి. రాజు మాత్రం ఏ బావి పక్కనుంచి వెళ్ళినా, అక్కడివాళ్ళ ముఖం చూడలేక తల వంచుకునే వెళ్ళేవాడు.

కాబట్టి గుర్తుంచుకోండి: పని దొరకనివాడు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు; వాణ్ణి దాక్కునేలా చేసి, వాడు లేడని సంతోషించిన వాడిదే ఆ సిగ్గంతా.