పోలమ్మ విస్తట్లో ముల్లంగి

మా వీధి చివర గవరయ్య, తవుడు, నూకరాజు అని ముగ్గురన్నదమ్ములు. ఇంట్లో తెలివి ఎక్కువైపోయి తలుపులు మూతపడటం లేదని చెప్పుకునేవారు. నేను కళ్ళారా చూశాను, నిజంగానే మూతపడేవి కావు.

నూకరాజు పెళ్ళాం పోలమ్మకి ఐదో నెల. ముల్లంగి మీద మనసై నాలుగు నెలలుగా మెతుకు ముట్టలేదు. పెరట్లోనే పండిద్దామనుకున్నారు. ఆ పెరటి పక్కన ఒకప్పుడు పాత బ్యాటరీలు కరిగించే షెడ్డుండేది. వ్యవసాయాధికారి ఒకావిడ మన్ను పరీక్ష చేయించి చెప్పింది. ఈ నేలలో సీసముంది, ముల్లంగి దాన్ని పీల్చుకుంటుంది. బస్తాల్లో అమ్మే రసాయన ఎరువు దట్టిస్తే ఇంకా పీల్చొచ్చు, మాగిన పశువుల ఎరువేస్తే తగ్గొచ్చు. కడుపుతో ఉన్న పిల్లకి మాత్రం ఆ లోహం చేటు, అంది.

"ముల్లంగి దగ్గరికి లోహం రాకూడదు. అంతే కదా" అన్నాడు గవరయ్య.

అంతే. పార, గునపం, వంటగిన్నెలు, ఆఖరికి తలుపు గొళ్ళాలు కూడా ఊడబెరికి పొరుగూళ్ళో దాచొచ్చారు. కొబ్బరిచిప్పలతో తవ్వారు. ఎరువేస్తే తగ్గుతుందంది కదా అని ఏడూళ్ళ పెంటకుప్పలూ తెచ్చి పోశారు. ఇంకేముంది, ఆకు తాటిచెట్టంత లేచింది. దాని నీడలో రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. కింద వేరు చూస్తే ఎలక తోకంత.

అధికారి వచ్చి ఆ ఆకు కేసి తలెత్తి చూసింది. తర్వాత, వేరేచోటి మంచి మన్ను కుండీలో పోసి గుప్పెడు ఎరువు కలపమంది. ఎవరి గుప్పెడని మూడు రోజులు కొట్టుకుని, చివరికి ముగ్గురూ తలో రెండు వేళ్ళూ కలిపి ఒక గుప్పెడు చేశారు. ముల్లంగి చంటిపిల్లంత ఊరింది. పరీక్షలో సీసం లేదని తేలింది.

పోలమ్మ నా దగ్గర కత్తిపీట, సత్తుగిన్నె అరువు తెచ్చుకుంది. లోహం, లోహం అంటూ తవుడు రెండూ విసిరేశాడు. నా గిన్నె ఇంకా కిందపడలేదు.

సరే, పచ్చిదే తింటానని పోలమ్మ విస్తరి వేసుకుని చెయ్యి చాపింది. అప్పుడు చూశాడు నూకరాజు, ఆమె కాళ్ళకి మెట్టెలు, మెడలో పుస్తెలు.

మెట్టెలు తీయొచ్చు. పుస్తెలు తీయమందామంటే నూకరాజు ఎదురుగానే బతికి కూర్చున్నాడు. ముగ్గురూ చాలాసేపు ఆలోచించారు. అన్నదమ్ముల ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేదు, అదీ నూలుదే. అంతే, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ముల్లంగిని మూడు ముక్కలుగా విరిచి, ఆకులతో సహా నమిలేశారు.

గవరయ్య మూతి తుడుచుకుని ఖాళీ విస్తరి ఆమె ముందుకి జరిపాడు.

"ఇప్పుడు తినమ్మా. ఇందులో రవ్వంత సీసం కూడా లేదు."