పూడిక తీసిన రోజు

"భంతే, ధ్యానానికి కూర్చోక ముందు నా మనసు బాగానే ఉండేది. కూర్చోవడం మొదలుపెట్టాకే పాడైంది. ఇదేం విడ్డూరం?"

కృష్ణ ఒడ్డున కొండమీది విహారంలో, ఒక వేసవి పొద్దున, నాగిలుడనే యువభిక్షువు అక్కడి పెద్ద భిక్షువైన ఉత్తర స్థవిరుణ్ణి ఇలా అడిగాడు. ఊరికే అడగలేదు. మూడేళ్ల కిందట తల్లి మంచాన పడితే, అన్న చందిలుడు కబురైనా పంపలేదు. చితి ఆరాక తెలిసింది. పనుల్లో ఉన్నంతసేపూ మరుపుగానే ఉండేది గానీ, కళ్లు మూసుకుంటే చాలు, అన్న ముఖం ఎదురుగా వచ్చి నిలబడేది, ఒళ్లు మండిపోయేది. ఇప్పుడా అన్న పున్నమికి చూడవస్తున్నానని కబురు పెట్టాడు. పున్నమి రేపే. అమ్మ కోసం కదలని కబురు ఇప్పుడు మాత్రం కాళ్లు తెచ్చుకుని కొండెక్కింది! ఎదుటపడితే చెయ్యి చేసుకుంటానేమోనని నాగిలుడి భయం. భిక్షువు కట్టే చీవరంలో ఉండి కొట్టడం కన్నా, విప్పేసి వెళ్లిపోవడం నయమనుకున్నాడు.

"ఈ సాయంత్రం సెలవిప్పించండి" అన్నాడు.

స్థవిరుడిదొక అలవాటు. ఎవరేం అడిగినా ముందు ఏదో ఒక పని చెప్పేవాడు. జవాబు కోసం వచ్చినవాళ్లు చీపురు పట్టుకుని వెళ్లడం ఆ విహారంలో మామూలే.

"సెలవు సంగతి సాయంత్రం చూద్దాం. బావి నీళ్లు వాసన వేస్తున్నాయన్నావుగా?"

"అవును, భంతే. వడగట్టే గుడ్డ నాలుగు మడతలు వేశాను. అయినా పోలేదు."

"మడతలు చాలు. దిగి పూడిక తియ్యి."

బావిలో నీళ్లు మోకాలి లోతున, అద్దంలా తేటగా ఉన్నాయి. మొదటి గంప ముంచాడో లేదో, అడుగునున్న కుళ్లంతా పైకి లేచింది. మధ్యాహ్నానికి నీళ్లు మసి కలిపినట్టయ్యాయి. కుండలతో వచ్చిన భిక్షువులు ముక్కులు మూసుకుని గొణుక్కుంటూ వెళ్లారు. పైనుంచి గంప తాడు లాగుతున్న భిక్షువు కూడా విసిగి వెళ్లిపోయాడు.

"భంతే, నేను పైకొచ్చేస్తాను! ఉన్న నీళ్లు కూడా పాడుచేశాను" అని అరిచాడు నాగిలుడు.

"ఆ బురద ఇవాళ నువ్వు తెచ్చి పోశావా?"

"లేదు."

"అయితే గంప నింపు."

నాగిలుడికి సిగ్గేసింది, తర్వాత పట్టుదల వచ్చింది. పైన ఎవరివో కొత్త చేతులు తాడు పట్టాయి. ఎండకు ఎదురుగా మనిషి కనబడలేదు గానీ, గంప నిండి తాడు కదిపితే చాలు, చకచకా పైకి లేచేది. అన్నను తిట్టుకుంటూనే నింపాడు. పొద్దు వాలేసరికి తిట్టుకోవడానికి ఓపిక లేదు, నింపడానికి మాత్రం ఉంది. చివరికి కాలి వేళ్లకు రాయి తగిలింది. రాతి సందులోంచి చల్లటి ఊట మడమను తాకింది. ఒక మూల మాత్రం గంపెడు బురద మిగిలింది.

"చాలు, రా" అన్నాడు స్థవిరుడు.

నాగిలుడు తాడు పట్టుకుని పైకి పాకాడు. అంచు దగ్గర ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. చందిలుడు! ఒకరోజు ముందే వచ్చాడు. ముఖం నిండా తమ్ముడు పంపిన బురద చింది ఉంది. తాడు ఒరుసుకుని అరచేతుల తోలు లేచిపోయింది.

నాగిలుడికి రక్తం పొంగింది. "ఎందుకు కబురు పంపలేదు?" అన్నాడు. మూడేళ్లుగా గొంతులో ఉన్న మాట అది.

"అమ్మ వద్దంది, నీ సాధన చెడుతుందని. అయినా పంపాల్సింది. తప్పు నాదే."

నాగిలుడి కోపం పోయిందని చెబితే అది అబద్ధం. అతను అన్న అరచేతులు చూశాడు. తర్వాత గట్టుమీదున్న నాలుగు మడతల వడగట్టే గుడ్డ తీసి, రెండుగా చించి, ఆ చేతులకు చుట్టాడు.

"మూలన ఇంకో గంపెడు ఉంది. దిగుతాను" అన్నాడు. "తాడు జాగ్రత్త, అన్నా" అంటూ మళ్లీ బావిలోకి దిగాడు.

అప్పుడే ఖాళీ కుండతో వచ్చిన ఒక భిక్షువు బావిలోకి తొంగిచూసి, "ఈ నీళ్లెప్పటికి తేరుకుంటాయి, భంతే?" అని అడిగాడు.

"కదిపినవాడు ఇంకా లోపలే ఉన్నాడు" అన్నాడు స్థవిరుడు. "రేపు పొద్దున రా."