జైనబీ బండ

పూర్వం వంకమీదిపల్లె అనే గ్రామంలో, పురిటిమైల మొదలు చావుమైల దాకా ఊరందరి బట్టలూ ఉతికి, సాయంత్రం ఇంటింటా పెట్టే అన్నంతో జీవనం సాగించే సుంకులమ్మ అనే చాకలి సాధ్వి ఉండేది. పొరుగింటి దూదేకుల దంపతులు మహమ్మారి వాతపడి ఒక్కనాడే కన్నుమూయగా, వారి ఎనిమిదేళ్ల కూతురు జైనబీని పిల్లలు లేని ఆ తల్లి తన గుడిసెకు తెచ్చుకుంది.

కన్నవారు నేర్పిన నమాజును మానిపించడానికి తానెవరనుకుందో ఏమో, వంకలో తాను బట్టలుతికే పలకబండను ఇంటికి దొర్లించుకొచ్చి పడమటి గోడవారగా వేసింది. ఆమె ఇంట అంతకన్నా శుభ్రమైనది ఏముంది కనుక! ఐదు పూటలా బిడ్డ కాళ్లకూ చేతులకూ నీళ్లు తానే పోసి, బండ మీద ఉతికిన బట్ట పరిచి, పొయ్యి మీద సంగటి మాడుతున్నా సరే, బిడ్డ లేచేదాకా కదలక కూర్చునేది.

ఊరిపెద్ద చెన్నప్ప చెవిన ఈ సంగతి పడగానే మండిపడ్డాడు. "పిల్లను ఉంచుకో. ఆ నమాజు మాన్పించు. లేకుంటే నీ ఇల్లు మైల, మా బట్టలు నీ చేతికి రావు" అన్నాడు.

"ముప్పయ్యేండ్లు మీ మైల ఉతికినదాన్ని సామీ, మైలేదో నాకు తెలీదా?" అంది సుంకులమ్మ.

అంతే, బట్టలు ఆగిపోయాయి, బట్టలతోపాటే సాయంత్రపు అన్నమూ ఆగిపోయింది. అయ్యో, ఒక్క గడపైనా తెరుచుకోలేదు! దొరికిన ఆకూ అలమూ బిడ్డకే పెట్టి తల్లి పస్తులుండేది. నెల తిరిగేసరికి జైనబీ బట్ట మడిచిపెట్టి, "అమ్మా, నేను నమాజు మానేస్తా. నీకు అన్నం పెడతారు" అంది.

ఏనాడూ చెయ్యెత్తని సుంకులమ్మ ఆనాడు బిడ్డను కొట్టింది. "నా కడుపు కోసం నీ దేవుణ్ణి ఇడిచిపెడతావా? పోయి కాళ్లు కడుక్కో పో!" అని చెంబు తెచ్చి నీళ్లు పోసింది. బిడ్డ కన్నీళ్లతోనే బండమీద మోకరిల్లి నుదురానించింది. మరి లేవలేదు. ఉత్త ఆకులతో నెట్టుకొచ్చిన పసి ఒళ్లు, ఎంతకాలం తట్టుకుంటుంది?

ఆ తల్లి బిడ్డను మట్టిచేసి, బండను వంకకు చేర్చి, ఊరివైపు చూసి "మీ మరకలు ఇక పోవు" అని, వెనుదిరిగి చూడకుండా ఊరు విడిచింది. ఆనాటినుంచి ఆ నీట ఏ బట్ట ఉతికినా మరక వదలలేదట. భయపడిన ఊరు బండకు పసుపు పూసి గుడి కట్టింది. రెండు మోకాళ్ల గుంటలూ, నుదుటి గుంటా నేటికీ దానిమీద కనబడతాయి. ఏటా జాతరనాడు ఊరంతా ఇంటికో తట్ట అన్నం తెచ్చి, ఆ పసిదాని ముందు నడుమెత్తు రాశి పోస్తారు.