ఉట్టి మీది బడి

అనగనగా అని మొదలెడితే మా లంకలో ఊరుకోరు. "ఏ వరదకి ముందు?" అని అడుగుతారు. ఇది ఇప్పుడున్న వాళ్లెవరూ చూడని వరద నాటి మాట. మా తాతకి వాళ్ల తాత చెప్పాడంట. నమ్మితే వినండి, నమ్మకపోయినా వినండి. మధ్యలో లేచిపోతే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

గోదారి నడుమ ఒక లంక. లంక అంటే తెలుసుగా, ఏటి మధ్య తేలిన మట్టి. ఇటు కోసుకుపోతుంది, అటు మేట వేస్తుంది. నిరుడు వంగతోట ఉన్న చోట ఈ ఏడు పడవ తిరుగుతుంది. అలాంటి చోట ఒక వీధిబడి ఉండేది. ఆ బడి రాజుగారిది కాదు, దివాణానిది కాదు, గుడిది కాదు. లంకలో వాళ్లంతా కలిసి పెట్టుకున్నది. పంతులుగారికి రోజుకో ఇంట్లో భోజనం. పలకలూ గిలకలూ ఏమీ లేవు. నేల మీద జల్లించిన పొడి ఇసుక పరుస్తారు, పిల్లలు వేలితో అందులో రాస్తారు. అంతే బడి.

పంతులు పేరు విస్సన్న. ఇసుక జల్లించే మనిషి పేరు పెంటయ్య. ముందు పుట్టిన ముగ్గురూ పోతే, వీడైనా దక్కాలని తల్లి పెంట మీద దొర్లించి ఆ పేరు పెట్టింది. దక్కాడు. పొద్దున్నే ఇసుక జల్లించాలి, పరవాలి, పిల్లలు రాసింది పంతులు చూశాక ఎదురుగా నిలబడి చెక్కతో చదును చెయ్యాలి. ఇదే ఆయన పని. ముప్పై ఏళ్లు చేశాడు. ముప్పై ఏళ్లూ అక్షరాలు చెరిపాడు గానీ ఒక్కటీ రాయలేదు.

ఒక ఏడు తొలకరిలో విస్సన్న పంతులుకి జ్వరం తగిలింది. మూడో రోజుకి మనిషి నీరసించిపోయాడు. పెంటయ్యని దగ్గరకి పిలిచాడు.

"ఒరే పెంటయ్యా, ఇంకో పంతులు వచ్చేదాకా బడి ఆపకురా."

"నేనా? నాకేం వచ్చు పంతులుగారూ?"

"పక్క లంకలో ఏమైంది?"

పెంటయ్యకి తెలుసు. పక్క లంకలో పంతులు లేడని ఒక్క పది రోజులు బడి మూశారు. ఈలోగా ఒకడు గేదెల వెంట పోయాడు, ఒకడు వలల వెంట పోయాడు, ఒకడు ఊరికే పోయాడు. కొత్త పంతులు వచ్చేసరికి కూర్చునే పిల్లలు లేరు. ఆ బడి మళ్లీ లేవలేదు.

"ఆపనండి," అన్నాడు పెంటయ్య.

పంతులు పోయిన మర్నాడు లంక పెద్ద బాపన్న వచ్చాడు.

"ఇవాళ బడి ఉందా పెంటయ్యా?"

"ఆయ్, ఇవాళ బడి ఉందండి."

"రేపు?"

"రేపటి సంగతి నాకు తెలీదండి. ఇవాళ బడి ఉంది."

ఇక చూడండి తమాషా. పెంటయ్య ఇసుక పరిచాడు. చేపలు పట్టే పల్లెకారుల పిల్ల నూకాలు ముందు కూర్చుంది. విస్సన్న పంతులు కూర్చున్నట్టే పెంటయ్య ఆ పిల్ల పక్కన కూర్చుని, వేలు పట్టుకుని "అ" దిద్దించాడు.

నూకాలు చూసింది, తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. "తాతా, ఇది తలకిందులుగా ఉంది!"

వాకిట్లో నిలబడ్డ తండ్రులు పగలబడి నవ్వారు. పెంటయ్య గబగబా దాన్ని చెరిపాడు. ఇంకోటి రాశాడు. అదీ తలకిందులే. మరి ముప్పై ఏళ్లూ పిల్లలకి ఎదురుగా నిలబడి చూసిన అక్షరాలు కదా, ఆయన కళ్లకి అన్నీ అలాగే పట్టుబడ్డాయి. తాటాకు పుస్తకం కూడా తిరగేసి పట్టుకుంటేనే చదవగలిగేవాడు. సిగ్గుతో లేచిపోబోయాడు.

"నువ్వు లే, ఇటొచ్చి కూర్చో," అంది నూకాలు.

ఎదురుగా కూర్చున్నాడు. రాశాడు. ఆ పిల్ల వైపు నుంచి చూస్తే ముత్యంలా ఉంది. నవ్వినవాళ్లు నవ్వు ఆపారు. అప్పట్నుంచీ పెంటయ్య పిల్లల పక్కన కూర్చోలేదు. ఎప్పుడూ ఎదురే.

బాపన్న ఊరుకోలేదు, పంతులు కోసం గట్టు మీది ఊళ్లన్నీ తిరిగాడు. ముగ్గురు వచ్చారు. మొదటాయన ఏరు చూసి ఎక్కిన పడవలోనే వెనక్కి పోయాడు. రెండో ఆయన వరదకి ముందొచ్చే ఎర్రనీరు తగిలేదాకా ఉన్నాడు. మూడో ఆయన పెద్ద పండితుడు, ఏడాది ఉండి, దివాణంలో పని దొరికితే చెప్పకుండా పోయాడు. ప్రతిసారీ పెంటయ్య చోటు ఇచ్చేసి జల్లెడ పట్టుకునేవాడు. ప్రతిసారీ జల్లెడ పక్కన పెట్టి మళ్లీ పిల్లలకి ఎదురుగా కూర్చునేవాడు. అలక లేదు, మురిపెం లేదు.

ఏరు మాత్రం ఊరుకుంటుందా? మొదటి వరద వచ్చింది, బళ్లో ఇసుకంతా ఊడ్చుకుపోయింది. లంకలో ఇసుకకి కరువేంటి అంటారేమో. వరద పోయాక ఎటు చూసినా ఒండ్రే. వేలు పెడితే అంటుకుంటుంది, అక్షరం నిలవదు. పెంటయ్య తడి ఇసుక తెచ్చి, కడిగి, మంగలంలో పోసి పొయ్యి మీద పేలాలు వేపినట్టు వేపాడు.

"ఏంటయ్యా, ఇవాళ ఇసుక కూరా?" అని ఆడవాళ్లు ఏడిపించారు.

"ఇవాళ బడి ఉందమ్మా," అన్నాడు.

కానీ అలా అందరికీ సరిపడా వేపడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో ఇద్దరు పిల్లలు గేదెల వెంట పోయి తిరిగి బడికి రాలేదు. పెంటయ్యకి అన్నం సహించలేదు. కూర్చుని ఆలోచించాడు. తర్వాత ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక కొబ్బరిచిప్ప నిండా జల్లించిన ఇసుక పోసి ఇచ్చాడు.

"మీ అమ్మనడిగి ఉట్టి మీద పెట్టించండి. ఏరొస్తే ముందు చిప్ప తీసుకుని పరిగెత్తండి. నేనెక్కడుంటే అక్కడికి తెండి."

ఇరవై ఇళ్లు, ఇరవై ఉట్లు, ఇరవై చిప్పలు. "బడిని చిప్పల్లో పంచిపెట్టాడు పిచ్చోడు," అన్నారు. రెండో వరద వచ్చింది. బడి ఉన్న చోటే ఏట్లో కలిసిపోయింది. మర్నాడు పిల్లలు లంక ఆ చివర పశువుల పాకలో చిప్పలు బోర్లించారు. ఒక్క రోజు కూడా బడి ఆగలేదు. ఆ తర్వాత పిచ్చోడన్నవాళ్లు లేరు.

మూడో వరద వచ్చింది. అది వరద కాదు నాయనా, ఏరే మీదకి లేచొచ్చింది. ఇళ్లు పోయాయి, పశువులు కొట్టుకుపోయాయి. జనం దొరికిన పడవెక్కి గట్టుకి చేరారు. గట్టు పొడుగునా తలో చోట తాటాకు పాకలు వేసుకున్నారు. ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలియదు.

పెంటయ్య గట్టు మీద చాప పరిచి కూర్చున్నాడు. ఒక చిప్ప వచ్చింది, నూకాలుది. రెండో చిప్ప వచ్చింది. మూడోది వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూశాడు. ఇంకోటి రాలేదు. మూడు చిప్పల ఇసుక చాప మీద పోస్తే అరచేతి మేర వచ్చింది. ఒక్క అక్షరం పడుతుంది.

"ఇంతేనా తాతా?" అంది నూకాలు.

"ఇంతే. ఒక్కొక్కరూ ఒక్కొక్క అక్షరం. ఇవాళ బడి ఉంది."

గొంతు మామూలుగానే ఉంది. లోపల మాత్రం ఏడుపు. పంతులుగారూ, పదిహేడు మంది రాలేదండి, ఇక నావల్ల కాదు అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జమీందారు దివాణం గుమాస్తా వచ్చాడు. "పెంటయ్యా, దొరగారు దయతలిచారు. గట్టుకి అవతల బడికి పెంకుటిల్లు ఇస్తారు. నీకు ఏడాది పొడుగునా తిండి. ఇక వరద భయం లేదు."

పెంటయ్య రెండు రోజుల్నుంచి గంజి తాగి ఉన్నాడు. పెంకుటిల్లు అనగానే మనసు లాగింది. లాగదూ మరి? ఆయనా మనిషే. అయినా మూడు మాటలు అడిగాడు.

"మా పిల్లలంతా కూర్చోవచ్చాండి? ఈ నూకాలుతో సహా?"

"ఎవరు కూర్చోవాలో దివాణం చెబుతుంది."

"మావాళ్లు లంకకి తిరిగిపోతే బడి కూడా వస్తుందాండి?"

"పెంకుటిల్లు పడవెక్కుతుందా?"

"దొరగారి మనసు మారితే?"

"మారితే మూసేస్తారు. ఆయన ఇష్టం."

"అయితే వద్దండి," అన్నాడు పెంటయ్య. "దొరగారికి దండాలు చెప్పండి. ఈ బడిని పిల్లలు మోసుకొచ్చారు, మళ్లీ వాళ్లే మోసుకుపోతారు."

ఈ సంగతి తెలిసి బాపన్న మండిపడుతూ వచ్చాడు. "ఎవరిని అడిగి కాదన్నావు? ఏరు మళ్లీ వస్తే?"

"వస్తుందండి."

"రాదని ఒక్క మాట అనొచ్చు కదయ్యా, జనానికి ధైర్యంగా ఉంటుంది!"

"తెలిసి తెలిసి ఎలా అంటానండి? వస్తుంది. వచ్చిన నాడు కూడా బడి పెడతాను. నాకు తెలిసింది అంతే."

"నా మనవణ్ణి పంపను పో!" అని బాపన్న వెళ్లిపోయాడు.

ఒక రోజు గడిచింది, మూడు చిప్పలే. మూడు రోజులు గడిచాయి, మూడు చిప్పలే. పెంటయ్య రోజూ చాప పరుస్తూనే ఉన్నాడు. అక్కడ బాపన్నని మాత్రం గట్టు మీది జనం పీక్కుతింటున్నారు. లంకకి ఎప్పుడు పోతాం బాపన్నా? నా ఇల్లుందా బాపన్నా? విత్తనాలకి దారేది బాపన్నా? పొద్దస్తమానం తెలీదు, తెలీదు అని చెప్పి చెప్పి ఆయనకి నోరెండిపోయింది. మొత్తం గట్టు మీద అడిగితే ఉంది అని చెప్పగలిగింది ఒక్కటే ఉంది, ఒక్క మనిషి దగ్గరే ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున బాపన్న మనవణ్ణి వెంటబెట్టుకుని, చిప్ప తానే చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇసుక చాప మీద పోశాడు. తలెత్తకుండా అడిగాడు.

"ఇవాళ బడి ఉందా పెంటయ్యా?"

"ఆయ్, ఇవాళ బడి ఉందండి."

బాపన్న చిప్ప తెచ్చాడని గట్టంతా తెలిసింది. పాకల్లోంచి ఒక్కొక్కరే కదిలారు. మధ్యాహ్నానికి పది, సాయంత్రానికి పదిహేను. మర్నాటికి పంతొమ్మిది చిప్పలు. ఇరవయ్యోది ఏట్లో పోయిందంట, ఆ పిల్లాడు ఉత్త చేతులతో వచ్చి ఏడిస్తే, మిగతావాళ్లు తలా గుప్పెడు ఇసుక వాడి ముందు పోశారు. నెల తిరిగాక అందరూ లంకకి పడవెక్కారు. విత్తనాల మూటలకి ముందు చిప్పలెక్కాయి.

పెంటయ్య ఇంకా చాలా ఏళ్లు బతికాడు. బడి ఎన్ని చోట్లు మారిందో లెక్క లేదు. చివరికి ఒక ఉదయం, ఇసుక జల్లిస్తూ జల్లిస్తూ అలాగే ఒరిగిపోయాడు.

లంకంతా పోగైంది. పిల్లలు దూరంగా నిలబడ్డారు. ఈ ఒక్క రోజూ ఇళ్లకి పొండర్రా అన్నారు పెద్దవాళ్లు. అప్పటికి నూకాలు ఇద్దరు బిడ్డల తల్లి. ఇంటికి వెళ్లి, ఉట్టి మీది చిప్ప దించి తెచ్చింది. పెంటయ్య పాక వాకిట్లోనే ఇసుక పోసింది. కళ్లు తుడుచుకుని, అందరికంటే చిన్న పిల్లని ముందు కూర్చోబెట్టింది. పక్కన కూర్చోలేదు. ఎదురుగా కూర్చుంది. ఆ పిల్లకి తిన్నగా కనపడేలా, తనకి తలకిందులుగా, "అ" రాసింది. చేతికి అలవాటు లేదు కదా, వంకరపోయింది. చెరిపి మళ్లీ రాసింది. మూడోసారికి కుదిరింది.

"ఇవాళ కూడానా నూకాలూ?" అని ఎవరో అడిగారు.

"ఇవాళ బడి ఉంది," అంది.

అదీ సంగతి. ఇప్పటికీ మా లంకలో పిల్లలకి మొదటి అక్షరం దిద్దించేవాళ్లు పక్కన కూర్చోరు, ఎదురుగానే కూర్చుంటారు. ప్రతి ఇంట్లో ఉట్టి మీద పెరుగు ఉన్నా లేకపోయినా ఇసుక చిప్ప ఉంటుంది. ఎర్రనీరు వచ్చి, ఏమవుతుందో ఏమో అని ఎవరైనా బెంగ పెట్టుకుంటే, పక్కవాళ్లు భుజం మీద చెయ్యేసి "ఇవాళ బడి ఉందిలే" అంటారు. ఏ పెద్దమనిషి పోయినా బడికి సెలవిస్తాం. పెంటయ్య పోయిన రోజున మాత్రం మా లంకలో సెలవు లేదు.